ఎక్కినోడి రోజుకి లెక్క, తాగినోడి దొప్పకి కాదు



సెలవులకి ఊరెళ్ళిన ప్రతిసారీ మన కుర్రాళ్ళ మధ్య ఒక తగువు వస్తది. జీలుగు చెట్టు కింద కూర్చుని తాగినప్పుడు డబ్బులివ్వాలా వద్దా? ఇవ్వాలంటే ఎంత? ఒకడు "చుట్టాల దగ్గర డబ్బులేంట్రా, మనం ఆదివాసులం, మనకి అమ్మకాలు లేవు" అంటాడు. ఇంకొకడు "పట్నంలో ఒక్క బీరు సీసాకి రెండొందలు పెడతావు, చెట్టెక్కిన మావయ్యకి ఇరవై ఇవ్వడానికి నీకు ఆదివాసీతనం గుర్తొచ్చిందా" అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఈ తగువు తెగట్లేదు. మా ఊళ్ళో మేం దీన్ని ఎలా తెంపుకున్నామో, ఇంకా తెగనిది ఏముందో రాస్తన్నాను.

మాది రంపచోడవరం ఏజెన్సీ. ఆదిలాబాద్ అన్నయ్యలకి ఇప్ప ఎలాగో మాకు జీలుగు అలాగ. బస్తర్ వైపు మన గోండు, కోయ చుట్టాలు దీన్నే సల్ఫీ అంటారు. బయటోళ్ళు దానికి 'బస్తర్ బీర్' అని పేరు పెట్టేసారు. అక్కడ ఆడపిల్లకి పెళ్ళిలో సల్ఫీ చెట్టు ఇచ్చే ఆచారం కూడా ఉంది. అంటే మనోళ్ళకి ఈ చెట్టు ఒక ఆస్తి, దాని కల్లు ఒక మర్యాద.

తెలియని తమ్ముళ్ళ కోసం చెట్టు సంగతి కొంచెం చెప్తాను. జీలుగు ఎదగడానికి పది పదిహేనేళ్ళు పడతది. అప్పటిదాకా ఏమీ ఇవ్వదు. తరవాత పై నుంచి కిందకి ఒక్కొక్క గెలా వేసుకుంటూ దిగుద్ది. గుర్రం తోకలా వేలాడే ఆ గెలనే గీస్తాం. అట్టడుగు గెల కూడా కాసిందంటే చెట్టు పని అయిపోయింది, ఎండిపోద్ది. అంటే ఒక చెట్టు తన బతుకంతా కూడబెట్టుకున్నది కొన్నేళ్ళలో మనకి పోసేసి చచ్చిపోద్ది. కరువు రోజుల్లో మన తాతలు ఆ మాను కొట్టి, లోపలి గుజ్జు దంచి, పిండి తీసుకుని తిన్నారు. కొండరెడ్ల మీద పుస్తకం రాసిన హైమెండార్ఫ్ కూడా 1940ల్లో మన కొండల్లో తిరిగినప్పుడు, ఈ చెట్టు మీద జనం ఎంతగా ఆధారపడ్డారో చూసి రాసాడు.

ఈ చెట్టు నుంచి వచ్చే కల్లుకి బియ్యం అక్కర్లేదు, బెల్లం అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. గెల నుంచి కారిన తియ్యటి నీరు కుండలో పడగానే గాలిలోని, కుండలోని పులుపు దాన్ని పట్టుకుంటది. పొద్దున దింపింది తియ్యగా ఉంటది, మధ్యాహ్నానికి కల్లయిపోద్ది, సాయంత్రానికి ఘాటెక్కుద్ది. అందుకే చూసేవాళ్ళకి ఇది ఖర్చు లేని సరుకులా అనిపిస్తది. "చెట్టు ఇచ్చింది, మనం తాగాం, దీనికి లెక్కేంటి?" అని అడిగేవాళ్ళందరూ కింద కూర్చున్నవాళ్ళే. పైకి ఎక్కినవాడు ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

మా మేనమామ ఎక్కుతాడు. కొమ్మల మొదళ్ళు మెట్లలా వదిలేసి కొట్టిన వెదురు బొంగుని మానుకి కట్టి, దాని మీద కాలి వేళ్ళు ఆనించి ఎక్కాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక పూట మానేస్తే గెల కోసిన చోట ఎండిపోయి ధార తగ్గిపోద్ది. అంటే జొరమొచ్చినా, పెళ్ళున్నా, చావున్నా ఎక్కాల్సిందే. మొన్నటి ముందు చలికాలం మంచు పట్టిన ఒక పొద్దున బొంగు మీద కాలు జారి పడ్డాడు. అదృష్టం, తల తగల్లేదు. నడుం పట్టేసి మూడు నెలలు పనికి పోలేదు. ఆటో కిరాయికి, మందులకి మా అత్త ఎవరెవరి దగ్గర చెయ్యి చాపిందో మాకు తరవాత తెలిసింది. ఆ చెట్టు కింద ఏళ్ళ తరబడి తాగినోళ్ళం పాతిక మందిమి ఉంటాం. చూడ్డానికి అందరం వెళ్ళాం, పళ్ళు పట్టుకెళ్ళాం. కానీ ఆయన పడిపోతే ఏం చెయ్యాలన్న ఏర్పాటు మాత్రం మా దగ్గర ఏదీ లేదు. మైదానంలో గీత కార్మిక సంఘాల్లో సభ్యత్వం, లైసెన్సు ఉన్నవాళ్ళకి ప్రమాదం జరిగితే ఎక్స్‌గ్రేషియా అని ఒకటుంది. మా ఊళ్ళో జీలుగు గీసేవాళ్ళెవరికీ ఆ కార్డు లేదు.

అప్పుడు మా బ్యాచ్ అంతా కూర్చుని, మామయ్యని కూడా కూర్చోబెట్టి, లెక్క వేసాం. అందులో ఏమొచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తాను. మీ ఊరి అంకెలు వేరేగా ఉండొచ్చు, కానీ పద్ధతి పనికొస్తది.

ముందు కూలి. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఎనిమిది గంటలకి వేసుకుంటే గంటకి 37 రూపాయల 50 పైసలు. చెట్టు దాకా నడక, ఎక్కడం, గెల చెక్కడం, దింపడం, రెండు పూటలా కలిపి మామయ్యకి రెండున్నర గంటలు పడతది. అంటే రోజుకి దాదాపు 94 రూపాయలు. ధార రాకముందు గెలని సిద్ధం చెయ్యడానికి మూడు రోజులు ఉత్తినే ఎక్కాలి. ఆ మూడు రోజుల కూలి 282. దాన్ని 60 రోజుల మీద పరిస్తే రోజుకి 5 రూపాయలు. తరవాత సామాను. కుండలకి 360, తాడుకీ కత్తి సానకీ 240, వెదురు కొట్టి తెచ్చి కట్టడానికి ఒక రోజు కూలి 300. మొత్తం 900, అరవై రోజులకి రోజుకి 15. అన్నీ కలిపితే రోజుకి 114 రూపాయలు.

ఈ అంకె చూసి ముందు నవ్వింది మామయ్యే. "ఇన్నాళ్ళూ నేను ఇంత ఖరీదైనోడినని నాకు తెలీదురా అల్లుడూ" అన్నాడు.

మేం పది మందిమి కూర్చునే రోజున మనిషికి 11 రూపాయల 40 పైసలు పడతది. మేం 15 అనుకున్నాం. 150 వస్తది. 114 మామయ్య చేతికి. మిగిలిన 36 ఒక డబ్బాలో. ఆ డబ్బాకి 'పడిన రోజు డబ్బా' అని పేరు. దాని తాళం మా అత్త దగ్గర ఉంటది, లెక్క రాసిన నోటుబుక్కు మా దగ్గర ఉంటది. పోయిన ఎండాకాలం మేం 22 రోజులు అలా కూర్చున్నాం. డబ్బాలో 792 రూపాయలు పడ్డాయి. 792తో విరిగిన నడుం నిలబడదని మాకు తెలుసు. కానీ ఆటో కిరాయికి మా అత్త ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

ఇక్కడ మా తాత అడ్డొచ్చాడు. ఆయన మాట తేలిగ్గా తీసెయ్యలేం. "లెక్క రాసిన చోట చుట్టరికం సన్నబడుద్దిరా. ఇయ్యాల మనిషికి పదిహేను అంటారు. రేపు ఒకడు మూడు దొప్పలు తాగాడు, ఒకడు ఆరు తాగాడు అంటారు. ఎల్లుండి దొప్పకి ఇంత అంటారు. ఆ మర్నాడు డబ్బుల్లేనోడు చెట్టు దగ్గరికి రాడు. అప్పుడది కొట్టు అయిపోద్ది" అన్నాడు. ఆయన చెప్పింది భయం కాదు, చూసింది. సంత రోడ్డు పక్కన ప్లాస్టిక్ సీసాల్లో పోసి టూరిస్టులకి అమ్మే చోట్ల ఇదే జరిగింది. అక్కడ లీటరుకి మా చెట్టు కింద లెక్క కన్నా నాలుగైదు రెట్లు తీసుకుంటారు. ఆ డబ్బు ఎక్కినోడికి చేరుద్దా అంటే, మధ్యలో సీసాలు పట్టుకెళ్ళేవాడి జేబు దాటి కొంచెమే చేరుద్ది.

తాత మాట మీద మేం రెండు రోజులు వాదించుకున్నాం. చివరికి దొరికిన దారి ఆయన మాటలోంచే వచ్చింది. ఆయన భయపడింది దొప్పలు లెక్కపెట్టడానికి. సరే, మేం దొప్పలు లెక్కపెట్టం. ఎవరెంత తాగారో నోటుబుక్కులో రాయం. రాసేది ఒక్కటే, ఎక్కినోడి రోజు. ఆ రోజు ఖర్చు 114. దాన్ని కూర్చున్నవాళ్ళు పంచుకుంటారు. ఒక దొప్ప తాగినోడూ అంతే, నాలుగు తాగినోడూ అంతే. కొట్టులో సరుకుకి వెల కడతారు, మేం మనిషి శ్రమని పంచుకుంటాం. ఈ తేడా చిన్నదిలా కనిపిస్తది గానీ, మొత్తం సంగతి దీని మీదే నిలబడింది. పొలం పనిలో మన పెద్దోళ్ళు 'బదులు' వెళ్ళేవాళ్ళు కదా, నా చేను కలుపుకి నువ్వొస్తే నీ చేను కోతకి నేనొస్తా అని. అక్కడ కూడా ఎవడూ గడ్డి పరకలు లెక్కపెట్టలేదు, రోజులు లెక్కపెట్టారు. ఇదీ అంతే.

అక్కడి నుంచి మిగతా నియమాలు వాటంతటవే వచ్చాయి.

డబ్బుల్లేనోడు డబ్బులివ్వక్కర్లేదు, చెయ్యి సాయం చెయ్యాలి. వెదురు కొట్టి తెస్తాడు, కుండలు కడుగుతాడు, అడ్డాకులు కోసుకొచ్చి దొప్పలు కుడతాడు. వాడి పేరు ఎదురుగా నోటుబుక్కులో 'పని' అని రాస్తాం, 'బాకీ' అని రాయం.

తాగనోడి దగ్గర తీసుకోం. మాలో ఇద్దరు ముట్టరు. వాళ్ళు మామిడికాయ ముక్కలు తింటూ కబుర్లకే వస్తారు. వాళ్ళని పదిహేను అడిగితే అది కూర్చున్నందుకు అద్దె అయిపోద్ది. స్కూలు పిల్లలకి కల్లు పొయ్యం, ఇందులో చర్చ లేదు.

నంజుడు ఎవరు తెస్తే వాళ్ళది. ఎండు చేపలు, శనగలు తెచ్చినోడు దాని ఖరీదు తన పదిహేనులోంచి తగ్గించుకోకూడదు. అలా మొదలెడితే ఒకడు చికెన్ తెచ్చి "నాకే మీరు బాకీ" అంటాడు. ఒకసారి అన్నాడు కూడా.

చెట్టు ఒకరిది, గీసేది ఒకరైతే మా ఊరి పాత కట్టుబాటే ఉంటది. ఒక పూట కుండ చెట్టు గలోళ్ళది, ఒక పూట కుండ గీసినోడిది. దాన్ని డబ్బులోకి మార్చం.

మొదటి చుక్కలు నేలకి, పెద్దలకి. అది ఏ లెక్కలోకీ రాదు.

ఈ పద్ధతి మా హాస్టల్ స్నేహితుడొకడికి చెప్తే వాడు వాళ్ళింట్లో లందాకి ఇదే వర్తిస్తదా అని అడిగాడు. వాడిది ముంచింగిపుట్టు వైపు, ఒడిశా బోర్డరు. చోళ్ళతో కాచే లందా తెలుసు కదా. కొన్ని చోళ్ళు నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి దంచుతారు. మిగతా పిండి ఉడికించి చల్లార్చి అందులో ఈ మొలకల పిండి కలిపి కుండలో మూసి పెడతారు. మొలక పిండి జావని తీపి చేస్తది, తరవాత ఆ తీపి పులిసి మత్తెక్కుద్ది. కంపెనీ బీరు చేసే తీరు కూడా మొదట్లో ఇదే, అక్కడ చోళ్ళకి బదులు బార్లీ.

వాడు లెక్క వేసాడు. 2024-25లో చోళ్ళ మద్దతు ధర క్వింటాలుకి 4,290. కిలోకి 43 వేసుకుంటే నాలుగు కిలోలకి 172 రూపాయలు. "ఎనిమిది మందిమి తలా 22 వేసుకుంటే సరిపోద్ది" అన్నాడు. పక్కనే ఉన్న వాళ్ళ చెల్లి అడిగింది, "మరి అమ్మ చేతులు ఏ క్వింటాల్లో వస్తాయన్నా?" అని. నానబెట్టింది, దంచింది, కట్టెలు మోసింది, ఉడికించింది, రోజూ కుండ చూసుకుంది వాళ్ళమ్మ. కూర్చుని తాగేది వాడూ, వాడి స్నేహితులూ.

ఈ ప్రశ్న మా జీలుగు లెక్క కన్నా పదునైనది. జీలుగులో శ్రమ చెట్టు మీద కనిపిస్తది కాబట్టి ఎప్పటికైనా ఒప్పుకుంటాం. ఇంట్లో ఆడోళ్ళ శ్రమ మనకి పొగలా, ఉండీ లేనట్టు. పైగా చోళ్ళు తిండిగింజలు. నాలుగు కిలోలు కుండలోకి పోతే ఇంట్లో అన్ని అంబలి పూటలు తగ్గుతాయి. అందుకని వాళ్ళు ఇప్పుడు గింజల ఖరీదు కాకుండా వాళ్ళమ్మకి ఒక రోజు కూలి, 300, కలిపి పంచుకుంటన్నారు. 472 అయింది, తలా 59. అంత అనేసరికి నెలకి రెండుసార్లు కాచమని అడిగేవాళ్ళు పండక్కి ఒకసారికి దిగారు. వాళ్ళమ్మకి డబ్బు కన్నా అదే ఎక్కువ నచ్చిందంట. సరైన లెక్క వేస్తే తాగుడు కూడా దాని హద్దులోకి వస్తదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇంత చిన్న విషయానికి ఇంత లెక్కెందుకు అని కొందరు అనుకోవచ్చు. మన కల్లు లెక్క మనం వేసుకోనప్పుడు ఏం జరిగిందో మా రంప కొండలకి తెలుసు. మన ఇళ్ళల్లో మనం తాగే కల్లు మీద రంప మన్సబ్‌దారు 'చిగురుపన్ను' అని వసూలు చేసాడు. ఆ పైన తెల్లదొరల అబ్కారీ చట్టం వచ్చి, కల్లు ఆదాయాన్ని గుత్తకిచ్చేసి, సొంతానికి గీసుకోవడం కూడా నేరమంది. గుత్తదారులు, పోలీసులు, అప్పులిచ్చే వ్యాపారులు అందరూ కలిసి మీద పడ్డారు. 1879 మార్చిలో రంప తిరుగుబాటు లేచింది. కారం తమ్మన్నదొర లాంటి వాళ్ళు నడిపారు. దాన్ని అణచడానికి సర్కారు సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. మన్యం పోరాటం అనగానే అందరూ 1922 అల్లూరి దగ్గర మొదలెడతారు గానీ, అంతకు నలభై ఏళ్ళ ముందే మనోళ్ళు లేచారు. ఆ లేచిన కారణాల్లో ఈ జీలుగు, తాటి చెట్ల కల్లు ఒకటి.

తరవాత రోజుల్లో ఆ సంగతి కొంత అర్థమైంది. 1975లో కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల ఎక్సైజు విధానం మీద రాష్ట్రాలకి ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఈ ప్రాంతాల్లో సారా వ్యాపారం ఆపాలని, ఆచారానికీ ఇంటి వాడకానికీ గిరిజనులు కాచుకునేదాన్ని వేరుగా చూడాలని ఉంది. 1996 పీసా చట్టం నాలుగో సెక్షన్ మత్తు పానీయాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభ వైపు పెట్టింది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. దీని అర్థం ఎవరైనా కొట్టు పెట్టి అమ్ముకోవచ్చని కాదు. అమ్మకానికి లైసెన్సు ఉండాలి, నాటుసారాకి కేసు ఉంటది, ఈ సంగతులు మన తమ్ముళ్ళు మర్చిపోకూడదు. కానీ మన ఊరి కల్లు గురించి మాట్లాడే మొదటి నోరు మన గ్రామసభది. ఆ నోరు తెరవాలంటే మన దగ్గర మన లెక్క ఉండాలి. ఎవరు ఎక్కుతన్నారు, ఎంత దిగుతంది, ఎవరికి పోతంది, ఎవరు పడ్డారు అని చెప్పగలగాలి.

ఇంకోటి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చచ్చిపోయారు. తాగేవాడికీ గీసేవాడికీ మధ్య దూరం పెరిగితే కుండలో ఏం కలిసిందో ఎవరికీ తెలీదు. చెట్టు కింద, దింపినవాడి ఎదురుగా, ఆయన రోజు ఖర్చు ఆయన చేతిలో పెట్టి తాగేవాడికి ఆ భయం లేదు. ఆయనకి కుండలో నీళ్ళు కలపాల్సిన అవసరమూ లేదు.

తెగనివి కూడా చెప్తానన్నాను. ఒకటి, మేం సెలవులకి వచ్చిన 22 రోజులకే ఈ లెక్క. మిగతా రోజుల్లో మామయ్య పాత పద్ధతిలోనే ఊరందరికీ పోస్తాడు, డబ్బాలో ఏమీ పడదు. ఊరంతా ఒప్పుకుంటేనే అది గట్టిదవుద్ది, అందుకు గ్రామసభలో పెట్టాలి. తాత ఇంకా ఊగుతున్నాడు. రెండు, వచ్చే తరంలో ఎక్కేవాళ్ళే లేరు. మా బ్యాచ్ పది మందిలో జీలుగు గియ్యడం వచ్చినోడు ఒక్కడే. మిగతా తొమ్మిది మందిమి తాగడం నేర్చుకుని, ఎక్కడం మానేసాం. పదిహేను రూపాయలిచ్చి ఆ బాకీ తీరదు. ఈ ఏడాది నుంచి కొత్త గెల వేసినప్పుడల్లా ఒకడు మామయ్యతో పాటు వారం రోజులు ఎక్కాలని అనుకున్నాం. మొదటి పేరు నాదే రాసారు. మూడు, పదేళ్ళ తరవాత గీసుకునే చెట్టు ఇప్పుడే నాటాలి. మా వాగు పక్కన పోయిన వానల్లో ఎనిమిది మొక్కలు పెట్టాం, ఐదు బతికాయి.

మీ ఊళ్ళల్లో ఇప్ప, జీలుగు, తాటి, లందా ఏదైనా సరే, ఈ సెలవులకి ఒక్క పని చెయ్యండి. తాగే ముందు దాన్ని దింపినవాళ్ళనో, కాచినవాళ్ళనో పక్కన కూర్చోబెట్టి వాళ్ళ రోజు లెక్క అడగండి. అంకె మీకే తెలుస్తది. మీ ఊరి కట్టుబాటు వేరేగా ఉంటే అదీ చెప్పండి, మా తాతకి చదివి వినిపించాలి.

జై ఆదివాసీ.